దొరల మేడ మ్యూజియంగా మారాక: లోపల ఎలా తిరగాలి, ఏం చూడాలి

ఒక పెద్దింటి కుటుంబం తరతరాలుగా కాపురమున్న భవంతి ఒక రోజున మ్యూజియం అవుతుంది. వారసులు లేకనో, పన్నులు కట్టలేకనో, పోయిన బిడ్డ పేరు నిలపాలనో దాన్ని ఒక ట్రస్టుకో ప్రభుత్వానికో రాసిచ్చేస్తారు. కొన్నేళ్లు మరమ్మతులు జరుగుతాయి. ఆ తర్వాత టికెట్ కొనుక్కుని మనం గడప దాటతాం. ఇలాంటి వాటిని హౌస్ మ్యూజియంలు అంటారు. మామూలు మ్యూజియంలో వస్తువు అద్దాల బీరువాలో ఉంటుంది, పక్కనే దాని సంగతి చెప్పే చీటీ ఉంటుంది. ఇక్కడ వస్తువు తన చోట్లో తానుంటుంది. కుర్చీ గోడవారన, గిన్నె పొయ్యి మీద, అద్దం దీపం వెనక. కాబట్టి చూసే పద్ధతి కూడా మారాలి.

మొదట్లో నేను ప్రతి గదిలో ప్రతి చీటీ చదువుకుంటూ వెళ్లేదాన్ని. బయటికొచ్చాక పేర్లూ తేదీలూ కొన్ని గుర్తుండేవి, ఇల్లు మాత్రం గుర్తుండేది కాదు. చాలా ఇళ్లు తిరిగాక నాకు పనికొచ్చిన ప్రశ్న ఒకటి దొరికింది: "ఇప్పుడు నా కళ్ల ముందున్న ఈ గది ఏ సంవత్సరానిది?" మూడొందల ఏళ్లు మనుషులు బతికిన ఇల్లు మూడొందల ఏళ్లూ ఒకేలా ఉండదు. మరమ్మతు చేసినవాళ్లు వాటిలో ఏదో ఒక కాలాన్ని ఎంచుకుని మనకు చూపిస్తారు. ఆ ఎంపిక ఏమిటో తెలుసుకుంటే గది దానంతటదే మాట్లాడటం మొదలుపెడుతుంది. కింద రాసినదంతా ఈ ప్రశ్న చేతిలో పట్టుకుని తిరగడం గురించే.

1. బయల్దేరే ముందు నాలుగు తేదీలు రాసుకోండి

ఇల్లు కట్టిన ఏడు, కుటుంబం చివరిగా అందులో ఉన్న ఏడు, మ్యూజియంగా తెరిచిన ఏడు, పెద్ద మరమ్మతు జరిగిన ఏడు. మ్యూజియం వెబ్‌సైట్‌లో ఈ నాలుగూ సాధారణంగా దొరుకుతాయి. ఒక చిన్న కాగితం మీద రాసుకుంటే చాలు.

ఇది ఎంత ఉపయోగపడుతుందో చెప్పడానికి పారిస్‌లోని నిస్సిమ్ ద కమోందో మ్యూజియం మంచి ఉదాహరణ. లోపల కనిపించే సామాను దాదాపు అంతా 18వ శతాబ్దపు ఫ్రెంచి సామాను. తేదీలు తెలియకుండా వెళ్తే ఎవరో పాతకాలపు ప్రభువు ఇంట్లో ఉన్నామనుకుంటాం. కానీ ఈ ఇల్లు కట్టింది 1911–1914 మధ్య. మొయీజ్ ద కమోందో అనే బ్యాంకర్ తనకు ప్రాణమైన 18వ శతాబ్దపు వస్తువుల కోసం కట్టించుకున్నాడు. అందుకే ఆ పాత సామాను మధ్యలోనే లిఫ్టు, కొత్త తరహా స్నానాల గదులు, పెద్ద ఇనుప పొయ్యితో ఆధునికమైన వంటిల్లు కనిపిస్తాయి. కొడుకు నిస్సిమ్ మొదటి ప్రపంచ యుద్ధంలో విమానం నడుపుతూ 1917లో చనిపోయాడు. తండ్రి ఇంటిని దేశానికి రాసి, కొడుకు పేరు పెట్టమన్నాడు. ఆయన 1935లో పోయాడు, 1936లో మ్యూజియం తెరిచారు. తర్వాత ఆయన కూతురు, అల్లుడు, ఇద్దరు మనవలు ఆష్విట్జ్ నాజీ మరణ శిబిరంలో బలయ్యారు. ఈ సంగతి తెలిసి వెళ్లినవాళ్లకు ఆ భోజనాల గదిలో నిలబడటం వేరే అనుభవం.

తేదీలతో పాటు ఇవి కూడా చూసుకోండి. వారంలో ఏ రోజు సెలవు? టికెట్ మీద లోపలికి వెళ్లే సమయం వేసి ఉంటుందా? గైడుతో గుంపుగానే తిప్పుతారా, మనంతట మనం తిరగొచ్చా? ప్రస్తుతం మరమ్మతుల కోసం ఏవైనా అంతస్తులు మూసి ఉన్నాయా? కొన్ని ఇళ్లను చలికాలమంతా మూసేసి, సామాను మీద గుడ్డలు కప్పి, దుమ్ము దులిపి, చిన్న చిన్న మరమ్మతులు చేసుకుంటారు. అంతదూరం వెళ్లి తాళం చూసి వెనక్కి రావడం కంటే ముందే ఒక ఈమెయిల్ పెట్టడం మేలు. వంటిల్లు, పనివాళ్ల గదులు చూపించే టూర్ విడిగా ఉంటే తప్పకుండా అదే బుక్ చేసుకోండి. ఎందుకో ఏడో అంకెలో చెబుతాను.

వీలైతే తెరిచిన తొలి గంటకు వెళ్లండి. జనం తక్కువగా ఉంటారు. అప్పుడే గది గదిలా ఉంటుంది.

2. కాళ్లకు, భుజానికి, చేతికి

మెత్తటి, చదునైన చెప్పులు వేసుకోండి. సన్న మడమల చెప్పులు వద్దనడం మర్యాద కోసం పెట్టిన నియమం అనుకునేదాన్ని. అసలు కారణం వేరే ఉంది. మనిషి బరువంతా ఆ చిన్న మడమ మీద పడితే పాత చెక్క నేల మీద గుంట పడుతుంది, అది మళ్లీ పూడదు. వీపు సంచి కూడా అలాంటిదే. వెనక్కి తిరిగినప్పుడు అది ఎక్కడ తగులుతుందో మనకు తెలియదు. తాళం పెట్టుకునే చోట వదిలేయండి, లేదా ముందువైపు తగిలించుకోండి.

రాసుకోవడానికి పెన్సిల్ తీసుకెళ్లండి. చాలా చోట్ల సిరా పెన్ను తీయనివ్వరు. ఇంకొకటి, నేను ఎప్పుడూ మరిచిపోని వస్తువు: చిన్న బైనాక్యులర్. పైకప్పు మీది గచ్చు పని, ఎత్తున వేలాడే చిత్రం మూలన ఉన్న సంతకం, తాడు అవతల దూరంగా ఉన్న పింగాణీ, ఇవన్నీ దానితో దగ్గరకొస్తాయి.

3. బయట పావుగంట

అందరూ నేరుగా టికెట్ కౌంటర్‌కు వెళ్తారు. మీరు ముందు ఇంటి చుట్టూ ఒకసారి తిరగండి. కిటికీల ఎత్తు చూడండి. ఏ అంతస్తు కిటికీలు అన్నిటికంటే పొడుగ్గా ఉంటే అది అతిథుల కోసం కట్టిన అంతస్తు. పైన పొట్టిగా, చూరుకు ఆనుకుని ఉన్న చిన్న కిటికీల వెనక పిల్లలో పనివాళ్లో పడుకునేవారు. పొగగొట్టాలు లెక్కపెట్టండి. ఒక్కో గొట్టం కింద నిప్పు రాజేసిన గదులున్నాయి, ఆ నిప్పుకు బొగ్గు మోసి, తెల్లారి బూడిద ఎత్తిన మనిషి ఉన్నాడు. వెనకవైపు చిన్న తలుపు ఎక్కడుందో గుర్తుపెట్టుకోండి. లోపల తిరుగుతున్నప్పుడు అది ఏ గదిలోకి తెరుచుకుంటుందో వెతుక్కోవచ్చు.

4. రెండు చుట్లు తిరగండి

మొదటి చుట్టులో ఏమీ చదవొద్దు, ఫోన్ తీయొద్దు. ఊరికే నడవండి. ఒక గదిలోంచి ఇంకో గదిలోకి వెళ్తుంటే కప్పు ఎత్తు ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది, ఎక్కడ చప్పుడు మారింది, ఎక్కడ చలేసింది, ఇవి మీ ఒంటికే తెలుస్తాయి.

చాలా పెద్ద ఇళ్లలో గదుల తలుపులన్నీ ఒకే వరుసలో ఉంటాయి. మొదటి గడప దగ్గర నిలబడితే చివరి గది కిటికీ దాకా చూపు పోతుంది. అది అందం కోసం మాత్రమే చేసింది కాదు. వచ్చినవాడి హోదాను బట్టి ఎన్ని గదులు దాటి లోపలికి రానిస్తారో తేలేది. మామూలు మనిషి మొదటి గదిలోనే ఆగిపోతాడు, పెద్ద హోదా ఉన్నవాడు చివరి గది దాకా వెళ్తాడు. ఆ వరుసలో నడుస్తున్నప్పుడు ఏ గదిలో మిమ్మల్ని ఆపేసేవారని ఒక్కసారి ఆలోచించుకోండి. ఆ నడక రుచి మారిపోతుంది.

రెండో చుట్టు నిదానంగా. అన్ని గదులూ చూడాలన్న పట్టుదల వద్దు. మొదటి చుట్టులో మిమ్మల్ని ఆపిన మూడు గదులు ఎంచుకుని ఒక్కోదానికి పావుగంట ఇవ్వండి. గంటన్నరలో ముప్పై గదులు చూడటం కంటే ఇది ఎక్కువ మిగులుస్తుందని నా అనుభవం.

5. ఒక గదిని ఎలా చదవాలి

ముందు వెలుతురు చూడండి. లోపలికి రాగానే "ఇంత చీకటిగా ఉందేంటి" అనిపిస్తుంది. పట్టు, కాగితం, నీటిరంగు చిత్రాలున్న గదుల్లో వెలుతురు 50 లక్స్ (వెలుతురును కొలిచే ప్రమాణం) దాటకుండా చూస్తారు. నూనెరంగు చిత్రాలకైతే 200 లక్స్ దాకా తట్టుకుంటాయని లెక్క. వెలుతురు చేసే నష్టం రోజురోజుకూ కూడుతూ పోతుంది. వెలిసిన రంగును తిరిగి తేవడం ఎవరి వల్లా కాదు. ఈ మాట ఎంత నిజమో చూడాలంటే ఇంగ్లండ్‌లోని కాల్క్ ఆబీ అనే పెద్దింట్లో ఒక మంచం ఉంది. 18వ శతాబ్దపు చైనా పట్టు పరదాలతో చేసినది. దాన్ని ఎవరూ బిగించలేదు, పెట్టెల్లోనే ఉండిపోయింది. ఇల్లు 1985లో నేషనల్ ట్రస్ట్ (పాత ఇళ్లను కాపాడే బ్రిటిష్ సంస్థ) చేతికి వచ్చాక బయటపడిన ఆ పట్టు రంగులు నిన్న అద్దినట్టు ఉన్నాయి. అదే కాలపు పట్టు వేరే ఇళ్లలో ఎండకు బూడిదరంగుకు దిగిపోయింది. కాబట్టి మసక గదిలో రెండు నిమిషాలు కదలకుండా నిలబడండి. కళ్లు అలవాటు పడ్డాక గది నెమ్మదిగా తెరుచుకుంటుంది.

ఈ మసకే అసలు ఆ గదుల సహజ స్థితి అని నాకు ఒక సాయంత్రం తెలిసింది. మ్యూజియం మూసే వేళ. గదికి కాపలా ఉన్న పెద్దావిడ ఒక్కొక్క కిటికీ చెక్క తలుపు మూసుకుంటూ వస్తోంది. చివరి కిటికీ ఒక్కటే మిగిలినప్పుడు, అప్పటిదాకా నాకు అతిగా అనిపించిన బంగారు పూత అంచులు ఆ కొద్ది వెలుతురునూ పట్టుకుని గదంతా పంచాయి. కరెంటు లేని రోజుల్లో బంగారు పూత, అద్దాలు, మెరుగు పెట్టిన బల్లలు, స్ఫటికపు షాండ్లియర్లు, ఇవన్నీ కొవ్వొత్తి వెలుతురును రెట్టింపు చేసే సాధనాలు. డాబు కూడా ఉంది, కాదనను. కానీ పని కూడా ఉంది. కొన్ని ఇళ్లలో కొవ్వొత్తుల వెలుగులో చూపించే సాయంత్రాలుంటాయి. లండన్‌లోని సర్ జాన్ సోన్ మ్యూజియం, అంటే ఆ పేరుగల వాస్తుశిల్పి సొంత ఇల్లు, అలాంటి సాయంత్రాలకు పేరుపొందింది. అవకాశం దొరికితే వదులుకోవద్దు.

తర్వాత కుర్చీలు ఎక్కడున్నాయో చూడండి. 18వ శతాబ్దపు తీరులో సర్దిన గదిలో కుర్చీలు గోడకు ఆనుకుని వరుసగా ఉంటాయి, నడుమ ఖాళీ. కావాల్సినప్పుడు పనివాళ్లు వాటిని ముందుకు జరిపేవారు, అయిపోగానే వెనక్కి సర్దేవారు. అందుకే అప్పటి చాలా కుర్చీల వీపు వైపు నగిషీ ఉండదు, ఎవరూ చూడరు కనుక. కుర్చీలు గది మధ్యలో, మాట్లాడుకోవడానికి వీలుగా గుంపులుగా ఉంటే అది తర్వాతి కాలపు సర్దుబాటు. ఏ సంవత్సరపు గది అన్న ప్రశ్నకు కుర్చీ ఇచ్చే జవాబు ఇది.

గోడలు చూడండి. భోజనాల గదిలో గోడలకు పట్టు గుడ్డ లేకపోతే ఆశ్చర్యపోవద్దు. గుడ్డ వంటకాల వాసన పీల్చుకుంటుందని, భోజనాల గది గోడలకు గచ్చు పనే మంచిదని 18వ శతాబ్దపు వాస్తుశిల్పి రాబర్ట్ ఆడమ్ అనేవాడు. ఇలాంటి చిన్న కారణం ఒకటి తెలిస్తే ఆ గదిలో ముక్కు కూడా పనిచేయడం మొదలుపెడుతుంది.

తలుపులు లెక్కపెట్టండి. పెద్ద తలుపులు రెండో మూడో కనిపిస్తాయి. కనిపించనిది ఇంకొకటి ఉండొచ్చు. గోడకు అంటించిన కాగితమో గుడ్డో దాని మీద కూడా అంటించి, గోడలో కలిసిపోయేలా చేస్తారు. సన్నటి గీత, చిన్న తాళం కన్నం ఉంటే అదే. పనివాళ్లు రావడానికీ పోవడానికీ పెట్టిన దారి. పిల్లలకు ఇది వెతకమని చెబితే గంటసేపు విసుగు లేకుండా తిరుగుతారు.

నేల మీద, కుర్చీల మీద కూడా కొన్ని గుర్తులుంటాయి. పీట మీద ఎండిన పైన్ కాయో ముళ్ల కాయో పెట్టి ఉంటే కూర్చోవద్దని చెప్పడం. నేషనల్ ట్రస్ట్ ఇళ్లలో ఇది మామూలు. బల్లకింద మూలల్లో చిన్న జిగురు అట్టలు కనిపిస్తాయి. చిమ్మటలు, ఉన్ని తినే పురుగులు ఎన్ని పడ్డాయో లెక్క చూడటానికి పెట్టినవి. తేమ కొలిచే చిన్న డబ్బా కూడా ఎక్కడో ఒకచోట ఉంటుంది. ఇవన్నీ ఇప్పటి కాలపు వస్తువులు, ఆ గదిలో ఇప్పుడు బతుకుతున్న మనుషుల పని.

6. మరమ్మతులో తీసుకున్న నిర్ణయాన్ని పట్టుకోండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన అంకం ఇది. పాత ఇంటిని బాగుచేసేవాళ్ల ముందు ఎప్పుడూ కొన్ని దారులుంటాయి. కట్టిన రోజుకు తీసుకెళ్లాలా? కుటుంబం వదిలి వెళ్లిన రోజు దగ్గర ఆపాలా? పాడైంది పాడైనట్టే ఉంచి, ఇంకా పాడవకుండా చూస్తే చాలా? ఒక్కో ఇల్లు ఒక్కో జవాబు ఎంచుకుంది.

ఇంగ్లండ్ దక్షిణాన అప్‌పార్క్ అనే ఇల్లుంది. 1989 ఆగస్టు 30న, కప్పు మీద సీసపు రేకుల పని ఇంకొద్ది రోజుల్లో పూర్తవుతుందనగా, ఆ పనివాళ్ల మంట నుంచే నిప్పంటుకుంది. కుటుంబం, ఉద్యోగులు, చూడటానికి వచ్చినవాళ్లు, అగ్నిమాపక సిబ్బంది కలిసి చేతికందిన చిత్రాలు, సామాను బయటికి మోశారు. పై అంతస్తు కాలి కూలింది. నేషనల్ ట్రస్ట్ ఒక నిర్ణయం తీసుకుంది: మంటకు ముందు రోజు ఎలా ఉందో అలాగే కట్టాలి. వెలిసిన రంగు వెలిసినట్టే. చేత్తో సున్నపు గచ్చు మలిచే విద్యను అప్పటికి దాదాపు మరిచిపోయారు, అందుకోసం మళ్లీ నేర్చుకున్నారు. 1995లో ఇల్లు తిరిగి తెరిచారు. అక్కడ నిలబడి పైకప్పు చూస్తుంటే ఏది 18వ శతాబ్దపు చెయ్యి, ఏది 20వ శతాబ్దపు చెయ్యి అని వెతకకుండా ఉండలేం.

కాల్క్ ఆబీలో దీనికి పూర్తిగా ఎదురు దారి. అక్కడ గోడ కాగితం ఊడి వేలాడుతుంటే అలాగే ఊడి ఉండేలా నిలిపారు. పెద్దింటి కుటుంబాలు ఒక్కో గదినీ తాళం వేసి వదిలేసుకుంటూ ఎలా కుంచించుకుపోయాయో చూపించడమే ఆ ఇంటి పని. 1989లో జనానికి తెరిచారు. శుభ్రంగా మెరిసే మేడలు చూసి చూసి వెళ్తే మొదట నిరాశగా ఉండొచ్చు. నాకైతే నమ్మకంగా అనిపించేది అదే.

ఫ్లోరెన్స్‌లోని పలాజో దవాన్‌జాతి ఇంకో పాఠం. 14వ శతాబ్దపు ఇల్లు. ఎలియా వోల్పి అనే పాతవస్తువుల వర్తకుడు 1904లో కొని, బాగుచేసి, పాతకాలపు ఫ్లోరెన్స్ ఇల్లు ఇలా ఉండేదంటూ 1910లో తెరిచాడు. తర్వాత అందులోని సామాను అమ్ముడుపోయింది. ప్రభుత్వం 1951లో ఇంటిని కొని వేరే సామానుతో మళ్లీ నింపి 1956లో మ్యూజియంగా తెరిచింది. అంటే గోడలు 14వ శతాబ్దానివి, ఆ ఇంటి గురించిన ఊహలో కొంత 20వ శతాబ్దానిది. ఇది తెలిశాక ఆ ఇల్లు తగ్గిపోదు, రెండు కథలున్న ఇల్లవుతుంది.

కాలాన్ని కదలకుండా ఆపిన ఇళ్లూ ఉన్నాయి. సోన్ తన ఇల్లు తన తర్వాత కూడా వీలైనంతవరకు తాను వదిలినట్టే ఉండాలని 1833లో పార్లమెంటు చేత చట్టమే చేయించుకున్నాడు. 1837లో ఆయన పోయినప్పటి నుంచి అది అమల్లోకి వచ్చింది. అమెరికాలోని బోస్టన్‌లో ఇసబెల్లా స్టూవర్ట్ గార్డ్‌నర్ అనే కళాఖండాల సేకర్త తన సేకరణ అమరికను మార్చవద్దని వీలునామా రాసింది. 1990 మార్చిలో దొంగలు పడి 13 కళాఖండాలు ఎత్తుకెళ్లారు. ఇప్పటికీ ఆ చిత్రాల ఖాళీ చట్రాలు గోడకు అలాగే వేలాడుతున్నాయి.

ఇక మిలాన్‌లోని పోల్డి పెజ్జోలి ఇల్లు. 1881లో మ్యూజియం అయింది. 1943 ఆగస్టులో బాంబులు పడి లోపలి అలంకారం చాలావరకు పోయింది. సేకరణను ముందే వేరేచోట దాచారు కాబట్టి అది బతికింది. 1951లో మళ్లీ తెరిచారు. అక్కడ కొన్ని గదులు పాతవాటిలా, కొన్ని సాదాగా ఎందుకున్నాయన్న ప్రశ్నకు జవాబు ఆ బాంబులే.

మీరు వెళ్లిన ఇంట్లో ఏ దారి పట్టారో తెలుసుకోవడానికి కొన్ని ఆనవాళ్లు. గోడ మూలలో అరచెయ్యంత మేర రంగు గీకి, కింద పొరలు మెట్లుమెట్లుగా కనిపించేలా వదిలితే అది పరిశోధన చేసిన గుర్తు. రంగు నుంచి చిన్న పలుకు తీసి సూక్ష్మదర్శిని కింద పెడితే ఎన్నిసార్లు, ఏ ఏ రంగులు వేశారో పొరలుగా కనిపిస్తుంది. చిత్రాలు తీసిన చోట గోడ గుడ్డ ముదురు రంగులో ఉంటే మిగతాది ఎంత వెలిసిందో తెలుస్తుంది. నేల చెక్కల్లో కొన్ని వెడల్పుగా, వంకరగా, కొన్ని ఒకే కొలతతో ఉంటే రెండోవి తర్వాత వేసినవి కావచ్చు. పరదాల గుడ్డ మరీ నిగనిగలాడుతుంటే కొత్తగా నేయించింది. అది పాత నమూనా చూసి నేయించారా, ఊహించి నేయించారా అని అడగండి. మంచి మ్యూజియం ఈ ప్రశ్నకు సంతోషంగా జవాబు చెబుతుంది.

7. వెనక మెట్ల దారి పట్టండి

ముందు హాలు మెట్లు వెడల్పుగా, ఎత్తు తక్కువగా ఉంటాయి, పట్టు వస్త్రాలతో నిదానంగా దిగడానికి. వెనక మెట్లు ఇరుకుగా, నిట్టనిలువుగా ఉంటాయి, చేతిలో నీళ్ల బిందెతో పరుగెత్తడానికి. రెండింటినీ వెంటవెంటనే ఎక్కి చూడండి. ఇల్లు ఎవరి శ్రమ మీద నడిచిందో మోకాళ్లకే అర్థమవుతుంది.

దారి పొడవునా చూడాల్సినవి ఉన్నాయి. గోడ మీద వరుసగా గంటలు, ఒక్కోదాని కింద గది పేరు. పై గదిలో తాడు లాగితే తీగ ద్వారా కింద గంట మోగుతుంది. మోత ఆగినా దానికి వేలాడే లోలకం కాసేపు ఊగుతూ ఉంటుంది, ఏ గది నుంచి పిలుపో అది చూసి తెలుసుకునేవారు. వంటిల్లు భోజనాల గదికి చాలా దూరంగా ఎందుకుందో ఆలోచించండి. వాసన రాకూడదు, నిప్పు భయం ఉండకూడదు. అప్‌పార్క్‌లో అయితే ఒకప్పుడు వంటిల్లు విడి కట్టడంలో, మధ్యలో నేలకింద సొరంగాలు. ఆ ఇంట్లో 1880 నుంచి 1893 దాకా అజమాయిషీ చూసినావిడ రచయిత హెచ్. జి. వెల్స్ తల్లి. దవాన్‌జాతిలో ఇదే సమస్యకు వేరే పరిష్కారం: వంటిల్లు ఏకంగా పై అంతస్తులో. నీళ్లు మోయాల్సిన పని లేకుండా ఇంట్లోనే బావి, ప్రతి అంతస్తుకూ బొక్కెన చేరేలా గిలకల ఏర్పాటు. 14వ శతాబ్దపు ఇంట్లో ఆ గిలక ముందు నిలబడితే ఊరి బావి దగ్గర నీళ్లు తోడిన ఎవరికైనా చేతులు తడుముకున్నట్టు ఉంటుంది.

రాగి గిన్నెల లోపలికి తొంగి చూడండి, కళాయి ఉంటుంది. టీ ఆకు పెట్టెకు తాళం ఉందేమో చూడండి. టీ అంత ఖరీదైన రోజుల్లో తాళంచెవి యజమానురాలి దగ్గరే ఉండేది.

పనివాళ్ల పేర్లు ఎక్కడైనా కనిపిస్తాయా అని వెతకండి. చాలా ఇళ్లలో కనిపించవు. వేల్స్‌లోని ఎర్డిగ్ ఇల్లు మినహాయింపు. అక్కడి యార్క్ కుటుంబం తమ పనివాళ్ల చిత్రపటాలు వేయించి, ఒక్కొక్కరి మీద పద్యాలు రాసి గోడకు తగిలించింది. ప్రభువుల పటాల కంటే ముందు నేను చూసేది అలాంటివి.

8. డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అడగండి

ఇంత ఇల్లు కట్టాలంటే ఎక్కడో ఎవరో సంపాదించాలి, ఎవరో పోగొట్టుకోవాలి. ఇంగ్లండ్‌లోని హేర్‌వుడ్ హౌస్ వెనక కరీబియన్ చక్కెర తోటలు, బానిసల వ్యాపారం ఉన్నాయి. వేల్స్‌లోని పెన్‌రిన్ కోట వెనక జమైకా తోటలున్నాయి. పోవిస్ కోటలో రాబర్ట్ క్లైవ్, ఆయన కొడుకు ఎడ్వర్డ్ క్లైవ్ తెచ్చిన వస్తువులున్నాయి. ఎడ్వర్డ్ 1798 నుంచి 1803 దాకా మద్రాసు గవర్నరు. టిప్పు సుల్తాన్ గుడారం ఆ కోటలోనే ఉంది. అది చూసి మనసు చివుక్కుమనడం సహజం. ఆ బాధతో వెనుదిరగకుండా, వస్తువు పక్కన ఉన్న చీటీలో అది ఎలా వచ్చిందని రాశారో చదవండి. 2020లో నేషనల్ ట్రస్ట్ తన చేతిలోని 93 చోట్లకు వలస పాలనతోనో బానిసత్వంతోనో సంబంధం ఉందని ఒక నివేదికలో ఒప్పుకుంది. చీటీలు అప్పటి నుంచి మారుతున్నాయి. ఆ మాటలు రాసిన సంవత్సరం కూడా మన ప్రశ్నలో భాగమే.

9. గదిలో ఉన్న మనుషులతో మాట్లాడండి

ప్రతి గదిలో కుర్చీ వేసుకుని కూర్చున్నవాళ్లు కాపలా మాత్రమే కాయరు. చాలామందికి ఆ గది నోటికొచ్చు. "దీని విలువెంత?" అని అడగకండి. అది రోజుకు వందసార్లు వినే ప్రశ్న. "ఈ గదిలో మీకు ఏది ఇష్టం?", "ఈ గదిలో ఇక్కడిది కానిది ఏముంది?", "దీన్ని బాగుచేసేటప్పుడు అనుకోనిది ఏమైనా దొరికిందా?" ఈ మూడిట్లో ఏది అడిగినా మాట సాగుతుంది. జనం లేకపోతే బీరువా సొరుగు తెరిచి చూపించినవాళ్లు, పక్క గది తలుపు తీసినవాళ్లు నాకు తారసపడ్డారు. తొందర పెట్టకుండా వినాలి, అంతే.

ముట్టుకోవద్దన్న నియమం మాత్రం ఎవరూ చూడకపోయినా పాటించండి. చేతి చెమటలో ఉప్పు, జిడ్డు ఉంటాయి. ఇత్తడి మీద, వెండి మీద వేలిముద్ర కొన్నాళ్లకు మచ్చై తేలుతుంది.

10. పిల్లలు, పెద్దవాళ్లు వెంట ఉంటే

పాత ఇళ్లలో లిఫ్టు లేకపోవడం మామూలు. మోకాళ్ల నొప్పులున్నవాళ్ల కోసం ఎన్ని మెట్లో ముందే అడగండి. పై అంతస్తు చూడలేనివాళ్ల కోసం ఫొటోల ఆల్బమో వీడియోనో చాలా చోట్ల ఉంచుతారు, కానీ అడిగితేనే ఇస్తారు. పిల్లలతో నలభై నిమిషాలకు మించి పెట్టుకోకండి. వంటింటితో మొదలుపెట్టి తోటలో ముగించండి.

11. ఫొటోలు

ఫ్లాష్, సెల్ఫీ కర్ర, ట్రైపాడ్ దాదాపు ఎక్కడా ఒప్పుకోరు. ఫోన్‌తో తీయనిస్తే గది మొత్తాన్ని తీయడం కంటే తలుపు గడియ, అరిగిన మెట్టు, గంట కింది గది పేరు లాంటివి తీయండి. మొత్తం గది ఫొటోలు పుస్తకంలో మనకంటే బాగా తీసినవి ఉంటాయి.

12. బయటికొచ్చిన గంటలోపు

తోటలోనో బెంచీ మీదనో కూర్చుని, ఎంచుకున్న మూడు గదుల్లో ఒకదాని పటం గుర్తున్నంతవరకు పెన్సిల్‌తో గీయండి. తలుపులు, కిటికీలు, కుర్చీలు ఎక్కడెక్కడున్నాయో. గీస్తుంటే ఒక మూల ఖాళీగా మిగిలిపోతుంది, అక్కడ ఏముందో గుర్తురాదు. టికెట్ ఆ రోజంతా చెల్లితే లేచి వెళ్లి ఆ మూల చూసి రండి. తర్వాత మ్యూజియం దుకాణంలో ఆ ఇంటి గైడ్‌బుక్ ఉంటే, అందులో పాత సామాను జాబితా అచ్చువేశారేమో తిరగేయండి. ఇంటి పెద్ద పోయినప్పుడు గది గదికీ ఉన్న వస్తువులన్నీ రాయించిన జాబితాలు చాలా ఇళ్లకు ఉన్నాయి. మీరు గీసిన గది పేరు అందులో వెతికి, ఆనాడు ఆ మూలన ఏముండేదో మీ పటం పక్కనే రాసుకోండి, జాబితా సంవత్సరంతో సహా.